పాత సామాను ఏ యాప్‌లో అమ్మాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బదిలీలు, కాలేజీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే పాత సామాను గురించి ఉత్తరాలు వరుస కడతాయి. ఈసారి వచ్చినవాటిలో ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మావారికి విజయవాడ నుంచి వైజాగ్ బదిలీ అయింది. డబుల్ డోర్ ఫ్రిజ్, ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్, సోఫా, రెండు పాత ఫోన్లు, మా అమ్మాయి ఎంసెట్ పుస్తకాలు అమ్మేయాలి. అన్నీ ఒకే యాప్‌లో పెట్టేయొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పెట్టొచ్చు గానీ అన్నిటికీ అక్కడే మంచి ధర పలకదు. మూడు సంగతులు చూసుకోండి. వస్తువు మోయడానికి ఎంతవుతుంది, కొనేవాళ్లు కళ్లతో చూడకుండా కొంటారా, మోడల్ పేరు చెప్పగానే ధర తెలిసిపోయే వస్తువేనా.

సోఫా సంగతే తీసుకోండి. 8 వేలకు బేరం కుదిరిందనుకుందాం. కొనేవాళ్లు గుంటూరులో ఉంటే ట్రాలీ ఆటో కిరాయి, ఎక్కించి దించే ఇద్దరి కూలీ కలిపి రెండు మూడు వేలు దాటిపోతుంది. ఆ మేరకు మిమ్మల్నే తగ్గించమంటారు. అందుకే సోఫా, మంచం, బీరువా లాంటివి కొనేవాళ్లు ఐదారు కిలోమీటర్ల లోపు దొరికితేనే గిట్టుబాటు. ముందు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఇందులో మోసం భయం తక్కువ, బేరం కూడా మొహమాటంగానే సాగుతుంది. వారం చూసి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, ఓఎల్ఎక్స్‌లో ఒకేసారి పెట్టండి.

ఈ రెండిటికీ తేడా ఉంది. ఫేస్‌బుక్‌లో అడిగేవాళ్ల ప్రొఫైల్ కనిపిస్తుంది. నిన్నగాక మొన్న తెరిచిన ఖాతానా, పదేళ్ల నుంచి ఉన్నదా తెలిసిపోతుంది. కాకపోతే ‘ఇది ఇంకా ఉందా’ అన్న మెసేజ్ అక్కడ ఒక్క నొక్కుతో వెళ్లిపోతుంది కాబట్టి పదిమంది అడిగితే వచ్చి చూసేది ఒకరో ఇద్దరో. ఓఎల్ఎక్స్‌కు ఆ వస్తువే కావాలని వెతుక్కుంటూ వస్తారు. ఫర్నిచర్, బళ్ల విషయంలో దానిదే పైచేయి. ఒక్కో విభాగంలో ఉచిత ప్రకటనలకు పరిమితి ఉంటుంది, అది దాటితే డబ్బు కట్టమంటుంది. ఒకటి రెండు వస్తువులు అమ్మే ఇంటివాళ్లకు ఆ అవసరం రాదు. ఇలాంటి ముఖాముఖి అమ్మకాల్లో డబ్బు యాప్ చేతుల మీదుగా పోదు. మీరు, కొనేవాళ్లు నేరుగా తేల్చుకోవాల్సిందే. ఏదైనా తేడా వస్తే యాప్ వాళ్లు డబ్బు వెనక్కి ఇప్పిస్తారని ఆశ పెట్టుకోవద్దు.

ఫోన్లకు మోడల్ చెబితే ధర తెలిసిపోతుంది కాబట్టి వాటి దారి వేరు. పుస్తకాల దారీ వేరే. రెండిటి గురించీ కింద రాశాం. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో ఇంట్లోని పాత ఫ్రిజ్ పెట్టి అమ్ముకునే వీలు లేదు. సామాన్యులు పాత వస్తువుల్ని దేశమంతటా వేలం వేసుకోగలిగిన ఈబే ఇండియా 2018 ఆగస్టు 14న మూతపడింది.

వాషింగ్ మెషీన్ అమ్మేముందు ఒక పని చేయండి. ఫ్రంట్‌లోడ్ మెషీన్‌తో పాటు కొన్నప్పుడు వెనకవైపు పొడుగాటి బోల్టులు వస్తాయి, డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచడానికి. బిగించేవాడు వాటిని తీసి మీ చేతికి ఇచ్చే ఉంటాడు. ఆ బోల్టులు మళ్లీ బిగించకుండా ఆటో ఎక్కిస్తే డ్రమ్ము ఊగి సస్పెన్షన్ దెబ్బతింటుంది. మర్నాడు ‘మీ మెషీన్ దడదడలాడుతోంది’ అని ఫోన్ వస్తుంది. ఫ్రిజ్‌ను నిలువుగానే తీసుకెళ్లమనండి, చేరాక నాలుగు గంటలు ఆగి స్విచ్ వేయమనండి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోతుంది. అలా తీసుకెళ్లినప్పుడు ఒక రోజు నిలబెట్టి ఉంచడం మేలు.

బదిలీకి మూడు వారాల ముందే మొదలుపెట్టండి. ఆఖరి రెండు రోజుల్లో వచ్చే ఫోన్లన్నీ మీ తొందర పసిగట్టి వచ్చేవే.

ప్రశ్న: ఫ్రిజ్ ప్రకటన పెట్టి 20 రోజులైంది. ‘లాస్ట్ ఎంత?’ అనే మెసేజ్ తప్ప ఒక్కరూ ఇంటికి రాలేదు. ధర తప్పా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ధర కావచ్చు, ప్రకటన కూడా కావచ్చు. మీరు ధర ఎలా వేశారో రాయలేదు. చాలామంది అలాంటి ఫ్రిజ్‌లకు మిగతావాళ్లు పెట్టిన ధరలు చూసి తమదీ అంతే పెడతారు. అక్కడ కనిపిస్తున్నవి అడుగుతున్న ధరలు. మూడు వారాల నుంచి ఉన్న ప్రకటన ఏం చెబుతోందంటే ఆ ధరకు అమ్ముడు కాలేదని. నాలుగైదు రోజుల్లో మాయమయ్యే ప్రకటనలు ఏ ధరకు పెట్టారో వారంపాటు గమనించండి. అసలు ధర అక్కడ దొరుకుతుంది. దాని మీద 10 శాతం ఎక్కువ పెట్టండి, బేరానికి ఆ మాత్రం జాగా చాలు.

ఇక ప్రకటన. ‘మంచి కండిషన్‌లో ఫ్రిజ్’ అని రాస్తే వెతికేవాళ్లకు దొరకదు. కంపెనీ పేరు, ఎన్ని లీటర్లు, ఏ ఏడాది కొన్నది, ఎన్ని స్టార్లు, ఇవి మొదటి వరుసలోనే ఉండాలి. ఫొటోలు ఆరు చాలు. మూసి ఉన్నప్పుడు ఒకటి, తలుపు తెరిచి లోపల దీపం వెలుగుతున్నప్పుడు ఒకటి, ఫ్రీజర్‌లో ఐసు కట్టింది ఒకటి, మోడల్ నంబరున్న స్టిక్కర్ దగ్గరగా ఒకటి, తలుపు రబ్బరు ఒకటి, గీత పడినచోటో సొట్ట పడినచోటో ఒకటి. ఆఖరిది దాచారంటే ఇంటికొచ్చి చూసి వెయ్యి తగ్గించమంటారు. ముందే చూపిస్తే ఆ వెయ్యి బేరంలోకి రాదు.

మీది మూడో అంతస్తా, లిఫ్ట్ ఉందా అన్నది కూడా రాయండి. ‘లాస్ట్ ఎంత’ అన్నవాళ్లకు అంకె చెప్పేస్తే అక్కణ్ణుంచే మళ్లీ బేరం మొదలుపెడతారు. ‘వచ్చి చూడండి, నచ్చితే కూర్చుని మాట్లాడుకుందాం’ అనండి. రానివాడు ఎలాగూ కొనడు.

ప్రశ్న: పాత ఫోన్‌కు ఒక యాప్ 13,200 చూపించింది. తీరా ఇంటికొచ్చినతను 8,700 అన్నాడు. మోసమా ఇది? ఓఎల్ఎక్స్‌లో పెట్టడం మేలా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మోసం అనలేం, వాళ్ల లెక్క అలా ఉంటుంది. పాత ఫోన్లు కొనే క్యాషిఫై లాంటి సంస్థలు మీరిచ్చిన జవాబుల మీద ధర చూపిస్తాయి. వచ్చినతను తన యాప్‌తో ఫోన్‌ను పరీక్షించి, ఒక్కో లోపానికి కోత వేసుకుంటూ పోతాడు. పెద్ద కోతలు పడేది మూడుచోట్ల. తెరమీద పచ్చ గీతో చుక్కో ఉండటం, తెర మార్చి ఉండటం, వెనక గాజు పగలడం. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 80 శాతం కంటే తగ్గితే ఇంకో కోత. పెట్టె, చార్జరు, బిల్లు లేకపోయినా తగ్గుతుంది. ఫారం నింపేటప్పుడే తెల్లటి తెరను పూర్తి వెలుగులో పెట్టి మరకలు చూసుకోండి, కాల్ చేసి చెవి స్పీకరు, మైకు, వేలిముద్ర పరీక్షించండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే మొదట కనిపించేదే నిజమైన ధర అవుతుంది. తగ్గించిన ధర నచ్చకపోతే వద్దని పంపేయొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

మూడు దారులనూ ఇలా పోల్చుకోండి, అంకెలు ఉదాహరణకు మాత్రమే. నేరుగా మనిషికి అమ్మితే 12 వేలు. కొనుగోలు సంస్థకిస్తే 9,500. కొత్త ఫోన్ మీద ఎక్స్ఛేంజ్‌లో 8,500, ఆపైన 2,500 బోనస్ కలిపి 11 వేలు. మూడోది ఆశగా కనిపిస్తుంది. అదే కొత్త ఫోన్ ఎక్స్ఛేంజ్ లేకుండా, బ్యాంకు కార్డు తగ్గింపుతో ఎంతకొస్తుందో చూశాక మాట్లాడండి. కార్డు తగ్గింపు, ఎక్స్ఛేంజ్ బోనస్ రెండూ కలిసి రానప్పుడు ఆ బోనస్ ఉత్తదే.

నేరుగా అమ్మితే సంస్థకిచ్చినదానికంటే రెండున్నర వేలు ఎక్కువ వస్తాయి గానీ నాలుగైదుసార్లు మనుషుల్ని కలవాలి, డబ్బు జాగ్రత్త మీరే చూసుకోవాలి. తెర బాగున్న, రెండేళ్లలోపు ఫోనయితే అది చేయదగ్గ శ్రమే. తెర మీద గీత పడిన ఫోన్‌ను మాత్రం సంస్థకే ఇచ్చేయండి. ఆ గీత రేపు రెండవుతుంది, కొన్నతను మీ ఇంటికొస్తాడు.

ఎవరికి అమ్మినా ఈ వరుస తప్పొద్దు. వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే ముందు కొత్త ఫోన్‌కు మార్చుకోండి, దీన్ని మరిచిపోయి ఖాతాల్లోకి వెళ్లలేక అవస్థ పడేవాళ్లు చాలామంది. యూపీఐ యాప్‌లలోంచి బయటికి రండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి, ఈ-సిమ్ అయితే కొత్త ఫోన్‌కు మార్పించుకోండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకెళ్లి గూగుల్ ఖాతా తొలగించి, తెర తాళం తీసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తొలగించకుండా బటన్లు నొక్కి రికవరీ మోడ్‌లో రీసెట్ చేస్తే, మళ్లీ తెరిచినప్పుడు మీ పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్నవాళ్లకు ఫోన్ రాయి అయిపోతుంది. ఐఫోన్‌లో ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయ్యి, ‘ఫైండ్ మై’ ఆపి, అప్పుడు మొత్తం తుడిచేయాలి.

బిల్లు ఇచ్చేటప్పుడు ఫొటో తీసి ఉంచుకోండి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), కొన్నవారి పేరు, సంతకం, తేదీ, గంట ఒక కాగితం మీద రాయించుకోండి. రేపు ఆ ఫోన్‌తో ఎవరైనా వెధవ పని చేస్తే పోలీసులు ముందు వచ్చేది మీ దగ్గరికే.

ప్రశ్న: మంచం కొంటానన్న వ్యక్తి తాను సైన్యంలో ఉన్నానని ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు పంపాడు. చూడకుండానే ఒప్పుకున్నాడు. అడ్వాన్స్ వేస్తానని క్యూఆర్ కోడ్ పంపాడు, స్కాన్ చేసి పిన్ కొడితే 5 వేలు నా ఖాతాలో పడతాయంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతుందనే అర్థం. ఆ ఐడీ కార్డు ఎవరిదో నిజమైన జవానుదే అయి ఉండొచ్చు, దాని ఫొటో మాత్రం మోసగాళ్ల చేతులు ఎన్నో మారి ఉంటుంది. బరువైన వస్తువును చూడకుండా, బేరమాడకుండా ఒప్పుకున్నప్పుడే అనుమానించాలి.

ఇదే ఎత్తు ఇంకొన్ని వేషాల్లో వస్తుంది. ‘ముందు ఒక రూపాయి పంపండి, రెండు రూపాయలు తిరిగి పంపుతా’ అంటాడు, నిజంగానే పంపుతాడు. రెండోసారి 5 వేలు పంపమంటాడు. 500కు బదులు 5,000 పడ్డట్టు బ్యాంకు మాదిరి ఎస్ఎంఎస్ పంపి, పొరపాటున పడింది, మిగతాది వెనక్కి వేయమంటాడు. డబ్బు పడినట్టు ఉత్తుత్తి స్క్రీన్ చూపించే యాప్‌లూ ఉన్నాయి. వ్యక్తుల మధ్య యూపీఐ ‘కలెక్ట్’ అభ్యర్థనల్ని, అంటే అవతలివాళ్లు మన నుంచి డబ్బు అడిగే సందేశాల్ని, 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు గానీ క్యూఆర్ మోసం అలాగే నడుస్తోంది. వస్తువు గుమ్మం దాటే ముందు మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి బ్యాలెన్స్ చూసుకోండి. ఎస్ఎంఎస్ చూసి ఇవ్వొద్దు, అవతలి ఫోన్ తెర చూసి అసలే ఇవ్వొద్దు.

చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. నిజంగానే డబ్బు పడుతుంది, వస్తువు పోతుంది, పది రోజులకు మీ ఖాతా స్తంభించిపోతుంది. కొన్నవాడు మరెవరినో మోసం చేసి తెచ్చిన సొమ్ము మీకు వేసి ఉంటాడు. ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే డబ్బు నడిచిన ఖాతాలన్నిటినీ పోలీసులు ఆపిస్తారు. అందుకే ఎదురుగా ఉన్న మనిషి పేరు, మీ యాప్‌లో కనబడే పంపినవారి పేరు ఒకటేనా చూసుకోండి. ‘మా ఫ్రెండ్ వేస్తాడు’ అంటే వద్దనండి. చాట్, ప్రకటన, అమ్మకం కాగితం భద్రంగా ఉంచుకోండి, ఖాతా విడిపించుకోవడానికి అవే ఆధారాలు. ఇప్పటికే పిన్ కొట్టి పోగొట్టుకున్నవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ.

ప్రశ్న: బైకు అమ్మి ఆరు నెలలైంది. కొన్నతను పేరు మార్పించుకోలేదు. చలాన్లు నాకే వస్తున్నాయి. ఏం చేయాలి? యాప్ ద్వారా అమ్మి ఉంటే ఈ బాధ ఉండేది కాదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: చలాన్లు చిన్న సంగతి. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరుంటే వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. డబ్బు తీసుకుని తాళాలిచ్చేసినంత మాత్రాన బండి మీది కాకుండా పోదు.

ఇప్పుడు చేయాల్సింది: కొన్నతనికి వాట్సాప్‌తో పాటు రిజిస్టర్డ్ కాగితం పంపండి, బండి ఏ తేదీన ఇచ్చారో అందులో రాయండి. అమ్మకం కాగితం, అతని ఆధార్ నకలు, డబ్బు పడిన ఆధారం పట్టుకుని ఆర్టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అతను అందకపోతే పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి.

మళ్లీ అమ్మేవాళ్ల కోసం వరుస చెబుతాం. ఫారం 29 అంటే అమ్మినట్టు తెలియజేయడం, రెండు ప్రతులు. ఫారం 30 అంటే పేరు మార్పు దరఖాస్తు. బండి మీద అప్పు ఉంటే బ్యాంకు నిరభ్యంతర పత్రంతో పాటు, అప్పు తీరిందని తెలిపే ఫారం 35. వేరే రాష్ట్రానికి పోయే బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ. హన్మకొండ బండి విజయవాడ పోయినా ఇది తప్పదు, అక్కడ లైఫ్ టాక్స్ లెక్క వేరే తేలుతుంది, కొనేవాళ్లు ఆ ఖర్చు ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి. పెండింగ్ చలాన్లు ముందే కట్టేయండి, లేకుంటే బేరం అక్కడే ఆగుతుంది. ‘సంతకాలు పెట్టివ్వండి, నేను చూసుకుంటా’ అన్నవాళ్లకు ఖాళీ ఫారాలు ఇవ్వొద్దు. బండి ధరలో ఐదు వేలు మీ దగ్గర ఆపుకుని, పేరు మారాక ఇచ్చేలా మాట్లాడుకుంటే కొన్నవాళ్లే మీకంటే ముందు ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

యాప్ సంగతికొస్తే, ఓఎల్ఎక్స్‌లో నేరుగా మనిషికి అమ్మినప్పుడు పేరు మార్పు మీ ఇద్దరి పనే. పాత బళ్లు కొనే సంస్థలు ధర కొంత తక్కువిచ్చి ఆ పని తాము చేస్తామంటాయి. ఇక్కడ ఒక్క ప్రశ్న అడగండి. మీకు ఆర్టీఏ అధీకృత డీలరు గుర్తింపు ఉందా, బండి తీసుకున్నట్టు ఫారం 29సీ నమోదు చేస్తారా? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. అది నమోదైతే బండి ఎవరి చేతిలో ఉందో రికార్డుల్లోకి ఎక్కుతుంది. లేకుంటే సంస్థకిచ్చిన బండి మూడో మనిషికి పోయేదాకా పేరు మీదే ఉంటుంది.

టెస్ట్ రైడ్‌కు ఒంటరిగా పంపొద్దు, వెనక కూర్చోండి. బీమాలో మీకొచ్చిన నో క్లెయిమ్ బోనస్ బండితో పోదు, మీది. బీమా సంస్థ నుంచి దాని సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు మళ్లీ కొనే బైక్‌కు వాడుకోవచ్చు.

ప్రశ్న: స్ప్లిట్ ఏసీ అమ్మాలి. విప్పి ఉంచి అమ్మాలా, గోడకుండగానే అమ్మాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గోడకుండగానే. విప్పిన ఏసీ చల్లదనం ఎవరూ పరీక్షించలేరు, ఆ అనుమానానికి ధర సగం పోతుంది. వాళ్లు చూసి ఒప్పుకున్నాక వాళ్ల టెక్నీషియన్ చేతే విప్పించండి. గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి మూయడం అతనికి వచ్చో రాదో చూడండి. ఏసీని కూలింగ్‌లో తక్కువ ఉష్ణోగ్రతకు పెట్టి నడిపిస్తూ, ముందు సన్న గొట్టం వాల్వు మూయాలి. ఒకటి రెండు నిమిషాల్లో గ్యాస్ లోపలికి చేరుతుంది. అప్పుడు లావు గొట్టం వాల్వు మూసి వెంటనే కరెంటు ఆపేయాలి. ఆపకుండా నడిపితే కంప్రెసర్ పాడవుతుంది. నట్లు విప్పి గ్యాస్ గాలికి వదిలేసేవాడు వస్తే అక్కడే ఆపండి.

ఏ ఏడాది కొన్నదో దాచొద్దు. 2022 జులైలో స్టార్ల పట్టిక మారింది, అంతకు ముందు 5 స్టార్ అన్నది ఆ పట్టికలో 4 స్టార్‌కే సరిపోయింది. తెలిసినవాళ్లు స్టిక్కర్ మీద ఏడాదే చూస్తారు.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో కంపెనీలు వదిలేసిన లాప్‌టాప్‌లు కొని, బాగుచేసి అమ్మాలనుకుంటున్నాను. ఏ వేదిక మంచిది? జీఎస్టీ తీసుకోవాలా?
– ఒక నిరుద్యోగి, హైదరాబాద్

జవాబు: వేదిక కంటే ముందు సరుకు గురించి చెప్పాలి. ఈ వ్యాపారంలో లాభం పోయేది అమ్మేచోట తక్కువ, కొనేచోట ఎక్కువ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఐ5-7200యూ అంటే ఏడో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఈ రెండు అంకెల మధ్య ఇప్పుడు ధరలో గోతి పడింది. ఏడో తరం లాట్ (ఒకేసారి అమ్మే గుట్ట) చవగ్గా వస్తోందని మొత్తంగా ఎత్తేస్తే అమ్మడానికి ఏడాది పడుతుంది.

రెండో ప్రమాదం కంపెనీ తాళం. లాప్‌టాప్ తెరిస్తే చక్కగా నడుస్తుంది. కొత్తగా విండోస్ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే పాత కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. మ్యాక్‌బుక్‌లదీ ఇదే కథ. కంపెనీ ఐటీ విభాగం తొలగిస్తే తప్ప అది పోదు. అందుకే లాట్‌లో రెండు మూడింటిని అక్కడే రీసెట్ చేసి, మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి చూశాకే డబ్బివ్వండి. విండోస్ కంటే ముందే అడిగే బయోస్ పాస్‌వర్డ్ ఉందేమో చూడండి. బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీతో (కొత్తగా ఉన్నప్పటిది) ఇప్పటి కెపాసిటీ పోల్చండి, సగానికి పడితే కొత్త బ్యాటరీ ఖర్చు కొనే ధరలోంచి తీసేయించండి. ప్రతి యంత్రానికీ సీరియల్ నంబరుతో బిల్లు కావాలి. దొంగ సొత్తని తెలిసీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లు ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుంది. రేపు ఫోన్లు కూడా పెడితే, ‘కేవైఎం’ అని ఇంగ్లిషులో కొట్టి ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబరు వేసి 14422కు ఎస్ఎంఎస్ పంపండి, ఆ ఫోన్ నల్లజాబితాలో ఉందో లేదో తెలుస్తుంది.

జీఎస్టీ విషయంలో తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు తేడా ఉంది. వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు, తెలంగాణలో 20 లక్షలు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి నెలకు 20 వేల ధరవి తొమ్మిది అమ్మితే ఏడాదికి గీత దాటుతారు. గుర్తుంచుకోండి, అది లాభం లెక్క కాదు, అమ్మకం లెక్క. పక్క రాష్ట్రానికి కొరియర్ చేసి అమ్మినా పరిమితితో పనిలేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. డబ్బు తామే వసూలు చేసి మీకిచ్చే ఈ-కామర్స్ సైట్లలో ఒకప్పుడు ఒక్క వస్తువు అమ్మినా జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవాళ్లకు షరతులతో సడలింపు ఇచ్చారు.

రిజిస్ట్రేషన్ తీసుకుంటే పాత వస్తువులకు మార్జిన్ పద్ధతి ఉంది, జీఎస్టీ నిబంధన 32(5). పన్ను కలపకుండా 14 వేలకు కొని 21 వేలకు అమ్మితే, పన్ను 7 వేల మీదే. లాప్‌టాప్‌కు 18 శాతం చొప్పున 1,260 రూపాయలు. ఈ పద్ధతి ఎంచుకోకపోతే 21 వేల మీద 3,780. షరతు ఏమిటంటే ఆ వస్తువు కొన్నప్పటి పన్ను క్రెడిట్ తీసుకోకూడదు. మధ్యలో మీరు వేసిన ఎస్ఎస్‌డీ, బ్యాటరీ ఖర్చు సంగతి ఆడిటర్‌తో మాట్లాడి తేల్చుకోండి. నిబంధనలో ఉన్నది కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే.

ఇక వేదిక. మొదటి ఆరు నెలలు ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్, ఇంటి దగ్గరే చూపించి అమ్మడం. పెద్ద సైట్ల రిఫర్బిష్డ్ విభాగాల్లోకి వెళ్లాలంటే వారంటీ ఇవ్వాలి, వాపసులు భరించాలి, కమిషన్ కట్టాలి. నెలకు ఐదారు యంత్రాలు అమ్మేవాళ్లకు ఒక్క వాపసు చాలు, ఆ నెల లాభమంతా పోవడానికి. 15 రోజుల సొంత పరీక్ష గడువు రాసిచ్చి అమ్మండి, దానికి మీరు అడిగే వెయ్యి ఎక్కువకు ఎవరూ గొణగరు.

ప్రశ్న: ఎంసెట్, గ్రూప్స్ పుస్తకాలు అమ్మితే ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: సిలబస్ మారకుండా ఉంటే సెట్టుగా సగం ధర దాకా వస్తుంది, విడిగా అమ్మితే తపాలా ఖర్చే మిగులుతుంది. కోచింగ్ విద్యార్థుల టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. తపాలా శాఖ 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకాల్ని 300 గ్రాముల దాకా 20 రూపాయలకు, 5 కిలోల దాకా 100 రూపాయలకు, పన్నులు అదనంగా, రోడ్డు మార్గంలో చేరవేస్తుంది, ట్రాకింగ్ కూడా ఉంటుంది. మాసపత్రికలు అందులో పంపకూడదు. కరెంట్ అఫైర్స్ పత్రికలు తూకానికే వేయండి.

ప్రశ్న: ఎంఎస్ అయిపోయింది, నెలలో డాలస్ నుంచి ఇండియా వచ్చేస్తున్నాను. ఫర్నిచర్, మానిటర్, పాత కెమెరా, కారు అమ్మాలి. ఈబే మంచిదా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కెమెరా ఒక్కదానికైతే ఈబే మంచిదే గానీ మీ గడువుకు కాదు. కొత్త అమ్మకందారుల సొమ్మును ఈబే 30 రోజుల దాకా ఆపి ఉంచవచ్చు. పైగా ధరలో సుమారు 13 శాతం ఫీజు. మీరు విమానం ఎక్కేశాక ఎవరైనా కెమెరా వాపసు పంపితే అందుకునే దిక్కుండదు. అన్నీ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయండి. ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగే రోజుల్లో పరుపు తప్ప అన్నీ పోతాయి.

‘మీరు నిజమైన మనిషేనా తెలుసుకోవాలి, ఫోన్‌కొచ్చిన ఆరంకెల కోడ్ చెప్పండి’ అంటే ఇవ్వొద్దు. మీ నంబరుతో గూగుల్ వాయిస్ (ఇంటర్నెట్ ఫోన్ నంబరు) ఖాతా తెరిచే ఎత్తు అది. అక్కడి బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సేవ జెల్ పేరుతో, ‘జెల్‌ను బిజినెస్ ఖాతాగా మార్చుకోవాలి, ముందు డబ్బు పంపండి’ అనే ఈమెయిల్ కూడా దొంగదే. చేతికి నగదు, లేదా ఎదురుగా నిలబడి మీ బ్యాంకు యాప్‌లో చూసుకున్న జెల్. సొంతానికి వాడి నష్టానికి అమ్మినవాటి మీద ఆదాయపు పన్ను రాదు. మీ వసూళ్లను ఆన్‌లైన్ వేదికలు అమెరికా పన్ను శాఖకు తెలిపే 1099-కె ఫారం పరిమితిని 2025 చట్టం మళ్లీ 20 వేల డాలర్లు, 200 లావాదేవీలకు తెచ్చింది.

కారును మాత్రం కొనేవారితో కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లి అమ్మండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సంతకం, పేరు మార్పు దరఖాస్తు అయిన 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలు అక్కడే అయిపోతాయి. నంబరు ప్లేట్లు, అద్దం మీది రిజిస్ట్రేషన్ స్టిక్కర్ మీరు తీసేసుకోవాలి. టెక్సాస్ డీఎంవీకి (అక్కడి వాహనాల శాఖ) వాహన బదిలీ సమాచారం 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో పంపండి, అదే రోజు రాత్రి పంపేస్తే ఇంకా మంచిది. టోల్ ట్యాగ్ తీయడం మరిచిపోయారంటే కొన్నతని టోళ్లు మీ కార్డు మీద పడుతూనే ఉంటాయి.